మా ఆయన జబ్బు దాచాలా, డయాలసిస్ సెంటర్ కోసం అర్జీ పెట్టాలా?

నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతం నుంచి ఒక సోదరి మూడు పేజీల ఉత్తరం రాశారు. ఊరి పేరు, మండలం పేరు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు. ఉత్తరం సారాంశం ఇది.

ఆమెకు నలభై ఆరేళ్ళు, భర్తకు యాభై రెండు. రెండెకరాల బత్తాయి తోట ఉండేది. బోరు ఎండిపోయాక చెట్లు కొట్టించేశారు. భర్తకు ఏళ్ళ తరబడి బీపీ ఉన్నా మాత్రలు సరిగ్గా వేసుకోలేదు. ఒళ్ళు నొప్పులని మెడికల్ షాపులో బిళ్ళలు అడిగి తెచ్చుకుని మింగేవాడు. రెండేళ్ళ కిందట కాళ్ళు వాచి, ఆయాసం ఎక్కువై నెల్లూరు తీసుకెళ్తే రెండు కిడ్నీలూ పనిచేయడం లేదన్నారు. అప్పటినుంచి సోమ, గురువారాల్లో దగ్గరి పట్టణంలో ఉన్న సెంటర్‌లో డయాలసిస్. ఒకటో తారీఖున పది వేల పింఛను ఇంటికే వస్తోంది. ఈమె జాకెట్లు కుడతారు. ఇల్లు ఆ రెండింటి మీదే నడుస్తోంది.

సెంటర్‌కి ఒక్కొక్కరూ ఆటో మాట్లాడుకుంటే గిట్టుబాటు కాదని నలుగురు కలిసి వెళ్ళడం మొదలుపెట్టారు. దానికోసం ఈమె ఒక వాట్సాప్ గ్రూపు పెట్టారు. ఇప్పుడు అందులో నలభై దాకా కుటుంబాలున్నాయి. ఎవరికైనా రక్తం కావాలన్నా, కొత్తగా చేరినవాళ్ళకు పింఛను కాగితాలు తెలియకపోయినా అందులోనే అడుగుతారు. రాత్రి ఆయాసం వచ్చిందని ఎవరైనా పెడితే ఎవరో ఒకరు పలుకుతారు.

సెంటర్‌లో ఒక మెషీన్ నెలల తరబడి మూలన పడి ఉంది. నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు తరచూ ఆగిపోతోంది. అది బాగుచేసిన రోజుల్లో ఒకరిద్దరికి మెషీన్ మీద ఉండగానే వణుకుతో జ్వరం వచ్చింది. కొత్తవాళ్ళకు ఖాళీ లేదని నెల్లూరు వెళ్ళమంటున్నారు. గ్రూపంతా కలిసి కలెక్టర్‌కి అర్జీ ఇద్దామనుకున్నారు. ఇంటర్ చదివిన మనిషివి, ముందుండమని ఈమెనే అడుగుతున్నారు. భర్త ససేమిరా అంటున్నాడు. "నువ్వు అర్జీ పెడితే పెట్టావ్, రేపు నాకు సూది గుచ్చేది వాళ్ళే గదా" అన్నాడట.

అదే సమయానికి కూతురి పెళ్ళి కుదిరేలా ఉంది. అమ్మాయి బీటెక్ చదివి బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. మగపెళ్ళివారికి "ఆయనకు కాస్త నలతగా ఉంటుంది" అని మాత్రమే చెప్పారు. అర్జీ పెడితే విలేకర్లు వస్తారు, పేపర్లో ఫొటో పడుతుంది, సంబంధం చెడిపోతుందని అత్తగారి భయం. భర్త కూడా చేతి మీది ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటు) కనబడకుండా మే నెల ఎండల్లో సైతం ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుని తిరుగుతున్నాడు. ఇది చాలదన్నట్టు, ఎవరో తెలియని మనిషి గ్రూపులో చేరి "కిడ్నీ ఇచ్చేవాళ్ళున్నారు, విడిగా మాట్లాడండి" అని మెసేజ్ పెట్టాడు.

"పెళ్ళి అయ్యేదాకా నోరు మూసుకుంటే గ్రూపులో వాళ్ళకు ద్రోహం చేసినట్టా? పోయినేడు రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో ఆరోగ్యం రొట్టె కూడా పట్టుకున్నాను. ఇంకేం చెయ్యమంటారు?" అని అడిగారు.

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. అందులో మీ ఆయన మాట ఉంది, అత్తగారి మాట ఉంది, గ్రూపు వాళ్ళు ఏమంటున్నారో ఉంది. పెళ్ళికూతురు ఏమంటోందో ఒక్క ముక్క లేదు. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు మీ ఆయన అన్న మాట.

రేపు సూది గుచ్చేది వాళ్ళే అన్నాడంటే దాన్ని పిరికితనం అనుకోకండి. వారానికి రెండుసార్లు చెయ్యి చాపి, రెండు లావుపాటి సూదులు గుచ్చించుకుని, ఒంట్లో రక్తమంతా మెషీన్‌లోంచి తిరిగివచ్చేదాకా కదలకుండా పడుకునే మనిషి ఆయన. ఆ గదిలో ఉన్నవాళ్ళతో పేచీ వద్దనుకోవడం సహజం. "నీకేం కాదులే" అని కొట్టిపారేస్తే ఇంకా బిగుసుకుపోతాడు. ఆ భయం నిజమేనని ఒప్పుకుని, అర్జీని దానికి తగ్గట్టు రాసుకోవాలి.

మీరు ఫిర్యాదు చేయాల్సింది సూది గుచ్చే టెక్నీషియన్ మీద కాదు. మెషీన్ పాడైతే మిగతా మెషీన్ల మీద అంతమందినీ సర్దలేక తల పట్టుకునేది ఆ అబ్బాయే. ప్రభుత్వ ఆస్పత్రుల్లో చాలాచోట్ల డయాలసిస్ యూనిట్లను ప్రైవేటు ఏజెన్సీలు ఒప్పందం మీద నడుపుతాయి, డబ్బు ప్రభుత్వం ఇస్తుంది. మెషీన్ బాగుచేయించడం, నీళ్ళ ప్లాంటు చూసుకోవడం ఆ ఒప్పందంలోని సంగతులు. మీ సెంటరూ అలాంటిదేనా కాదా ముందు కనుక్కోండి. అడగాల్సిన మనిషి ఎవరో దాన్నిబట్టి తేలుతుంది. అర్జీ రాసేముందు ఒకసారి ఆ టెక్నీషియన్‌తోనే మాట్లాడి చూడండి. "మేం ఇలా అడగబోతున్నాం, మీ పేరు ఎక్కడా రాదు, మీకు కావలసినవి కూడా ఏమైనా ఉంటే చెప్పండి" అనండి. చాలాసార్లు వాళ్ళే ఏ భాగం ఎప్పుడు పాడైందో, కొత్తది కావాలని ఎవరికి ఎన్నిసార్లు రాశారో చెబుతారు. చెప్పకపోయినా నష్టం లేదు. వెనకనుంచి అర్జీ పెట్టారన్న మాట మాత్రం రాదు.

ఇక ముందుండటం గురించి. ముందుండటమంటే ఫొటోలో నిలబడటమే అని మీ ఇంట్లో అందరూ అనుకుంటున్నట్టుంది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతి మీకు తెలిసే ఉంటుంది. అక్కడివాళ్ళ గోడు ఏళ్ళ తరబడి వినిపించాక 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి తెరుచుకున్నాయి. కెమెరా ముందుకొచ్చి కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళు అక్కడ ఎందరో. ఏ ఊళ్ళో ఎంతమందికి జబ్బుందో లెక్కలు తీసినవాళ్ళూ ఉన్నారు. మీ ఆయన కెమెరా ముందుకు రాడు, రానక్కర్లేదు కూడా. లెక్క రాయడానికి ఎవరి ముఖమూ చూపించక్కర్లేదు. మీ చేతిరాత బాగుంది, ఆ పని మీదిగా పెట్టుకోవచ్చు.

ఒక వంద పేజీల నోటుబుక్కు కొనండి. గ్రూపులో ఒక్కో కుటుంబం ఆ రోజు ఇంట్లో ఎన్నింటికి బయల్దేరారో, మెషీన్ మీదికి ఎన్నింటికి ఎక్కించారో, ఎన్నింటికి దించారో చెబితే రాసుకోండి. మామూలుగా ఒక విడత నాలుగు గంటలు. మూడుంపావుకే దించేస్తే అది కూడా రాయాలి. ప్లాంటు ఏ తారీఖున ఆగింది, ఎవరికి ఏ రోజు వణుకు వచ్చింది, ఖాళీ లేదని ఎవరిని తిప్పి పంపారు, అన్నీ రాయండి. నీళ్ళ విషయం మాత్రం గట్టిగా పట్టుకోండి. ఒక్క విడతకు ఒక్క మనిషికి సుమారు 120 లీటర్ల శుద్ధిచేసిన నీళ్ళు ఆ మెషీన్‌లో రక్తం పక్కనుంచి పల్చటి పొర అవతల పారతాయి. ఆ నీళ్ళు బాగాలేకపోతే వణుకు, జ్వరం రావచ్చు. మెడ దగ్గర గొట్టం వేసి ఉన్నవాళ్ళకు గొట్టంలో ఇన్‌ఫెక్షన్ వల్ల కూడా అలాగే వస్తుంది, అది ఇంకా ప్రమాదం. కాబట్టి ఎవరికైనా వణుకు వస్తే ఇంటికెళ్ళి బిళ్ళ వేసుకోమని గ్రూపులో సలహాలివ్వకండి. అప్పటికప్పుడే డ్యూటీ డాక్టర్‌కి చెప్పి, రికార్డులో రాయించాలి.

ఈ నోటుబుక్కు నెల రోజులు నిండితే అర్జీ ఒక పేజీలో అయిపోతుంది. ముందు ఆస్పత్రి సూపరింటెండెంట్‌కి ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. అక్కడే పని జరిగితే మీ ఆయన భయానికి చోటే ఉండదు. జరక్కపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వొచ్చు. నెల్లూరు దూరమనుకుంటే మీ డివిజన్ ఆర్డీవో ఆఫీసులోనూ తీసుకుంటారు. చూశారా, మీ ఆయన డయాలసిస్ సోమవారమే. మీరు ఎలాగూ వెళ్ళలేరు. మంగళ, శుక్రవారాల బ్యాచ్‌లో వాళ్ళు ఇద్దరు ముగ్గురు వెళ్ళి ఇస్తారు. మీ ఇంటి గొడవ సగం దీంతోనే తీరుతుందనిపిస్తోంది. సంతకాలు కూడా ఇష్టమైనవాళ్ళే పెడతారు, మీ ఆయన పేరు ఉండాల్సిన పని లేదు. కాకపోతే ఇదంతా ఆయనకు తెలియకుండా చేయొద్దు. పల్లెల్లో ఏదీ దాగదు. తర్వాత వేరేవాళ్ళ నోటి వెంట వింటే, అర్జీ కంటే మీరు చెప్పలేదన్నదే ఆయన్ని ఎక్కువ బాధపెడుతుంది. "నీ పేరు రాదు, నీ ఫొటో రాదు, లెక్క మాత్రం నేను రాస్తాను" అని చెప్పి చూడండి. అదీ వద్దంటే నోటుబుక్కు ఇంకొకరికి అప్పగించవచ్చు. అప్పుడు పని కొంచెం నెమ్మదిస్తుంది, అంతే. అది ద్రోహమేం కాదు.

సమాచార హక్కు చట్టం కింద కూడా అడగొచ్చు. ఎన్ని మెషీన్లు మంజూరయ్యాయి, ఎన్ని పనిచేస్తున్నాయి, నీళ్ళ పరీక్ష చివరిసారి ఎప్పుడు చేశారు, నివేదిక నకలు ఇవ్వండి అని నాలుగు ప్రశ్నలు చాలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళకు ఫీజు లేదు, తెల్ల కార్డు నకలు జతచేస్తే సరిపోతుంది. దీనివల్ల మెషీన్ వెంటనే బాగుపడదు గానీ, అడిగేవాళ్ళున్నారని కాగితం మీద పడుతుంది.

మీ గ్రూపులో కొందరు ఫ్లోరైడ్ నీళ్ళ సంగతి కూడా ఇదే అర్జీలో కలపమంటున్నారని రాశారు. కలపకండి. మన మెట్టలో ఫ్లోరైడ్ నిజం. దర్శి, పొదిలి, కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లోనే, 1937లో, ఈ ప్రాంతపు ఫ్లోరైడ్ జబ్బు గురించి డాక్టర్లు పరిశోధన పత్రం రాశారు. పళ్ళకూ ఎముకలకూ అది చేసే చెరుపు అందరికీ తెలిసిందే. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళ ఒంట్లోంచి అది సరిగ్గా బయటికి పోదు కాబట్టి వాళ్ళకు మంచినీళ్ళు ఇంకా ముఖ్యం. నీళ్ళు కాచి తాగినా ఫ్లోరైడ్ పోదు. కానీ మీ ఆయనకు డాక్టర్ చెప్పిన కారణం బీపీ. ఇంకొకరికి షుగరు, మరొకరికి నొప్పి బిళ్ళలు. ఫ్లోరైడ్ వల్లే కిడ్నీలు పోయాయని అర్జీలో రాశారనుకోండి, అధికారి అది రుజువు చేయమంటాడు. చర్చ అటు మళ్ళుతుంది, మెషీన్ మూలనే ఉంటుంది. నీళ్ళకు ఇంకో అర్జీ, ఊరి బోర్ల నీళ్ళ పరీక్ష కాగితాలతో, ఊరివాళ్ళందరి సంతకాలతో విడిగా పెట్టండి. అందులో డయాలసిస్ పేషెంట్లే ఉండాలని ఏముంది?

ఇప్పుడు పెళ్ళి. దాచాలన్నది మీ అత్తగారి ఆలోచన, దాన్ని ఒప్పుకున్నది మీ ఆయన సిగ్గు. అమ్మాయి ఇరవై మూడేళ్ళది, సొంత సంపాదన ఉంది, పెళ్ళి చేసుకోబోయేది తనే. తన మొగుడితో తను ఏ అబద్ధంతో కాపురం మొదలుపెట్టాలో మీరు ముగ్గురూ నిర్ణయించారు. ముందు ఆ పిల్లకు ఫోన్ చేయండి. ఆ అబ్బాయికి తనే చెప్పేసి ఉన్నా నేను ఆశ్చర్యపోను. ఈ కాలం పిల్లలు ఫోన్లో పెద్దవాళ్ళకంటే ముందే అన్నీ మాట్లాడుకుంటారు.

నిశ్చితార్థానికి ముందే చెబితే ఏమవుతుంది? కొందరు వెనక్కి పోవచ్చు, నిజమే. ఆ మాట మీకు తియ్యగా చెప్పలేను. చెప్పకుండా పెళ్ళి చేస్తే? వారానికి రెండు రోజులు మామగారు ఎక్కడికెళ్తున్నాడో కొత్తల్లుడికి మొదటి పండక్కే తెలిసిపోతుంది. అప్పుడు అత్తింట్లో మాట పడేది మీ అమ్మాయే, మీ అత్తగారు కాదు. అది చూసుకుని నిర్ణయించుకోండి. చెప్పాలనుకుంటే మధ్యవర్తి చేత చెప్పించకండి, మాట మారిపోతుంది. మీరిద్దరూ వాళ్ళ ఇంట్లో పెద్దవాళ్ళతో నేరుగా చెప్పండి. "ఆయనకు కిడ్నీలు పనిచేయడం లేదు, డయాలసిస్ మీద ఉన్నారు, ప్రభుత్వమే చేయిస్తోంది, పింఛను వస్తోంది, అబ్బాయి మీద భారం పడదు." ఇంతే. వాళ్ళు తప్పకుండా అడిగేది ఇది వంశంలో వచ్చేదా అని. కొన్ని కిడ్నీ జబ్బులు వస్తాయి. కిడ్నీల నిండా నీటి తిత్తులు వచ్చే రకం తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లల్లో ఒక్కొక్కరికీ అది వచ్చే అవకాశం సగానికి సగం. మీ ఆయనది అది కాదని, బీపీ వల్లే అని డాక్టర్ చేత ఒక ముక్క రాయించుకోండి. అమ్మాయి కూడా బీపీ చూపించుకుని, కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించుకోవడం మంచిది. మగపెళ్ళివారికి చూపించడానికి కాదు, తండ్రికి ఉన్నప్పుడు పిల్లలు ఎలాగూ చేయించుకోవాల్సినవే అవి. ముదిరేదాకా కిడ్నీ జబ్బు బయటపడదని మీకంటే ఎవరికి బాగా తెలుసు?

ఫుల్ హ్యాండ్స్ చొక్కా సంగతి కూడా చెబుతాను. దాచుకోవడం ఆయన ఇష్టం. కానీ చేతి బొత్తాం బిగించి ఫిస్టులా మీద ఒత్తిడి పడేలా వేసుకోకూడదు. ఆ చేతికి బీపీ పట్టీ కట్టించకూడదు, సెలైన్ ఎక్కించకూడదు, బరువులు మోయకూడదు, దాని మీద తల పెట్టుకుని పడుకోకూడదు. రోజూ పొద్దున్నే వేళ్ళు ఆనిస్తే జుయ్యిమని కదలిక తెలియాలి. తెలియకపోతే ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి. వదులు చేతుల చొక్కాలు నాలుగు మీరే కుట్టేయండి, మీ చేతిలో పనే కదా.

గ్రూపులో కిడ్నీ ఇప్పిస్తానన్నవాడి విషయంలో మాత్రం రెండో ఆలోచన వద్దు. మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని, వాణ్ణి తీసేసి, పోలీసులకు ఇవ్వండి. ఎవరెవరితో విడిగా మాట్లాడాడో కూడా మెల్లిగా అడగండి, చెప్పుకోలేక ఊరుకున్నవాళ్ళు ఉంటారు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం డబ్బుకు కిడ్నీ కొన్నా అమ్మినా దళారీ పని చేసినా నేరం. 2011 సవరణ తర్వాత శిక్ష ఐదు నుంచి పదేళ్ళ జైలు, జరిమానా 20 లక్షల నుంచి కోటి దాకా. డబ్బు పట్టుకుని మాయమయ్యేవాళ్ళే వీళ్ళలో ఎక్కువ, అప్పులపాలయ్యేది మీ గ్రూపు వాళ్ళు. మార్పిడి కావాలనుకునేవాళ్ళకు చట్టబద్ధమైన దారులున్నాయి. అమ్మానాన్నలు, తోబుట్టువులు, పిల్లలు, భార్యాభర్తలు, తాతలు, నాయనమ్మ, అమ్మమ్మలు, మనవలు ఇవ్వొచ్చు. రక్తం గ్రూపు కలవకపోతే అలాంటి ఇంకో జంటతో మార్చుకోవడానికీ చట్టం ఒప్పుకుంటుంది. ఇవేవీ కుదరకపోతే మార్పిడి చేసే ఆస్పత్రి ద్వారా, చనిపోయినవాళ్ళ అవయవాలు కేటాయించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకుని వంతు కోసం చూడాలి. ఈ నాలుగు మాటలూ గ్రూపులో మీరే రాసి పైన కనబడేలా పెట్టండి. పసరు మందుతో కిడ్నీలు బాగుపడతాయని వచ్చే ఫార్వర్డులు కూడా అలాగే తీసేయండి. అడ్మిన్లుగా మీతో ఇంకో ఇద్దరిని కలుపుకుంటే రాత్రి పదకొండింటిదాకా జాకెట్లు కుట్టుకుంటూ ఫోన్ చూడాల్సిన పని తగ్గుతుంది. ఉత్తరం మొత్తంలో మీ గురించి మీరు రాసుకున్న వాక్యం ఆ పదకొండింటి సంగతి ఒక్కటే.

తిండి గురించి ఒక మాట అడిగారు. చూడ్డానికొచ్చే చుట్టాలంతా బత్తాయిలు, కొబ్బరి బోండాలు తెస్తున్నారని. బత్తాయి తోట పెంచిన మనిషికి బత్తాయి రసం వద్దనడం కష్టమే గానీ, వద్దు. వాటిలో పొటాషియం ఎక్కువ, అది పెరిగితే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. చేపల పులుసులో ముక్కలు తిననివ్వండి, పులుసు మాత్రం ముక్కకు అంటినంతే. డయాలసిస్ మొదలయ్యాక మాంసకృత్తులు బాగా కావాలి. జబ్బు మొదట్లో చెప్పిన పథ్యమే ఇప్పటికీ పెట్టి చాలామంది మనిషిని చిక్కిపోయేలా చేస్తున్నారు. ఎంత తినాలో మీ డాక్టర్‌ని అడగండి.

చివరగా, నిశ్చితార్థం తారీఖు. పంతులుగారి దగ్గరికి వెళ్ళినప్పుడు మంగళవారం అంటే ఎలాగూ ఒప్పుకోరు కాబట్టి శుక్రవారం ముహూర్తం అడగండి. గురువారం డయాలసిస్ అయిపోయి ఉంటుంది, మర్నాటికి ఒళ్ళు తేలికపడుతుంది, ఆయన కూర్చోగలడు. ఆదివారం మాత్రం వద్దు. గురువారం తర్వాత మూడో రోజుకి ఒంట్లో నీరు చేరి ఉంటుంది, పైగా అందరూ మజ్జిగలూ కూల్‌డ్రింకులూ ఇస్తూనే ఉంటారు. బెంగళూరులో పెట్టుకుంటే అక్కడి సెంటర్‌లో ముందే చోటు మాట్లాడుకోవాలి. హెపటైటిస్, హెచ్‌ఐవీ పరీక్షల రిపోర్టులు, డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు) రాసిన కాగితం అడుగుతారు. మన దగ్గరి పథకం అక్కడ వర్తిస్తుందో లేదో కూడా ముందే కనుక్కోండి.

అర్జీ రాశాక, ఇచ్చేముందు ఒక నకలు నాకు పంపండి. చూసి వారంలోగా తిప్పి పంపుతాను.